రెండు వేళ్ళ సందు

ఆక్లాండ్‌లో ఇళ్ళలోకి నడుములోతు నీళ్ళొచ్చిన ఏడాది అది. ఈశ్వరరావు ఏళ్ళను అంకెల్లో చెప్పడు, నీళ్ళతో చెబుతాడు. పెళ్ళి గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడాది. భార్య మంగాదేవి పోయింది లంకలు మునిగిన ఏడాది. ఆవిడ పెద్దకర్మ అయిన కొన్నాళ్ళకు కూతురు ఆశాజ్యోతి రావులపాలెంలో అద్దె ఇల్లు ఖాళీ చేయించి, తండ్రిని తనతో న్యూజిలాండ్ తీసుకొచ్చేసింది. వచ్చిన మూడో నెలలో నీళ్ళు ఇక్కడికీ వెతుక్కుంటూ వచ్చాయి. వాళ్ళుంటున్నది కింది అంతస్తు ఫ్లాటు. సోఫా, పరుపులు, బియ్యం బస్తా అన్నీ ఒకే బురదలో తేలాయి.

అప్పుడు పుట్టింది అల్లుడు సాయినాథ్‌కు ఆ ఆలోచన. "ఇల్లే చక్రాల మీదుంటే ఏ వరద మనల్నేం చేస్తుంది?" అన్నాడు. ఇక్కడి ముసలి దంపతులెవరో అమ్ముతుంటే ఒక పాత బస్సు కొన్నాడు. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, సింకు, ఫ్రిజ్, చిన్న మరుగుదొడ్డి. టౌరంగా రేవులో కంప్యూటర్ పని దొరికింది. ఊరి బయట కివీపండ్ల తోట యజమాని ఒక మూలన బస్సు పెట్టుకోనిచ్చాడు. మొగుడూ పెళ్ళాం, వాళ్ళ ఏడేళ్ళ కూతురు మనస్విని, ఈశ్వరరావు, నలుగురూ ఆ బస్సులోకి చేరారు.

మూడు నెలలు గడిచాయి. జూలై వచ్చింది. ఇక్కడ అది నడి చలికాలం.

ఆ శుక్రవారం ఉదయం ఆశాజ్యోతి దోసెలు వేస్తోంది. పెనం మీద వేసిన పిండి వేసినచోట నిలవకుండా ఒక పక్కకు జారింది.

"చూడు సాయీ, మళ్ళీ అంతే! ఈ బస్సెక్కాక ఒక్క దోసె సరిగ్గా వచ్చిందా? ఒక పక్క దిబ్బరొట్టె, ఒక పక్క కాగితం!"

"పిండి పలచనైందేమో," అన్నాడు సాయినాథ్ ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"పిండినేమన్నా అన్నావంటే పెనం నీకే ఇస్తాను. ఈ పిండి కోసం గ్రైండర్ వేస్తేనే కదా మొన్న కరెంటు డబ్బా కాలిపోయింది? బ్యాటరీ మీద గ్రైండర్ తిరుగుతుందని ఎవరన్నారు?"

"యూట్యూబ్‌లో ఆయన మిక్సీ తిప్పాడు. గ్రైండర్ తిప్పలేదు. అది నా తప్పే."

ఈశ్వరరావు కిటికీ పక్కన కూర్చుని ఆ దోసె మౌనంగా తిన్నాడు. నలభై ఏళ్ళు అరటి గెలల లారీ తోలిన మనిషి. రావులపాలెంలో ఎత్తిన సరుకు ఒడిశాలో దించి వచ్చేవాడు. దోసెను చూడగానే అతనికి తెలిసిపోయింది. ఎడమవైపు వెనక చక్రం కింద రెండంగుళాల చెక్క వెయ్యాలి. ఆ వాలుకే ఫ్రిజ్ కూడా సరిగ్గా చల్లబడడం లేదు. తెలుసు. చెప్పలేదు.

"ఇంకోటి వెయ్యనా నాన్నా?"

"ఆయ్."

"ఆయ్ అంటే వెయ్యమనా, వద్దనా? ముప్ఫై అయిదేళ్ళయింది నేను పుట్టి. ఇప్పటికీ నీ ఆయ్‌కి అర్థం నాకు తెలీదు."

ఇంతలో మరుగుదొడ్డిలోంచి సాయినాథ్ మూలుగు వినిపించింది. "మళ్ళీ నిండిపోయిందే!"

దొడ్డి కింద పదిహేను లీటర్ల డబ్బా ఒకటుంటుంది. దాన్ని బయటికి లాగి, తోట చివర పారబోసే చోటికి మోసుకెళ్ళాలి. ఇద్దరికి వారం వస్తుందని బస్సు అమ్మినావిడ చెప్పింది. వీళ్ళకు రోజున్నర రావడం లేదు. ఆవిడకు కాగితం లెక్క తెలుసు గాని చెంబు లెక్క తెలియదు కదా. డబ్బాను రోజూ సాయినాథే మోస్తాడు. మామగారికి అలాంటి పని చెప్పడానికి అతనికి నోరు రాదు. "ఇలా ఇవ్వండి" అనడానికి మామగారికీ నోరు రాదు. అతను డబ్బా పట్టుకుని ఒక పక్కకు ఒరిగి నడుస్తుంటే, ఈశ్వరరావు మొహం తిప్పుకుని కివీ తీగల వైపు చూస్తాడు.

పొరుగు బస్సులోంచి బిజేంద్ర వస్తున్నాడు. కొమ్మలు కత్తిరించే పనికి వెళుతున్నాడు. ఫిజీలో పుట్టినవాడు. ముత్తాత విశాఖ వైపు నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కాడట. ఎనిమిదేళ్ళుగా బస్సులోనే కాపురం. నాలుగు తెలుగు మాటలొచ్చు. ఆ నాలుగూ ఈశ్వరరావు మీదే వాడతాడు.

"అన్నా, బాగున్నావా?" అని, నీళ్ళు కారుతున్న కిటికీ అద్దాన్ని వేలితో కొట్టాడు. "ఖోలో, ఖోలో. గాలి కావాలి, గాలి!"

"ఆయ్," అన్నాడు ఈశ్వరరావు.

గాలి కావాలని అతనికి ఒకరు చెప్పాలా? అరటి గెలలెత్తిన లారీకి టార్పాలిన్ నాలుగు పక్కలా బిగించి కట్టావా, కాయ తన ఊపిరికి తనే చెమర్చి తెల్లారేసరికి నల్లబడుతుంది. ఎంత వానైనా వెనక రెండు వేళ్ళ సందు వదలాలి. ఈ బస్సులో నలుగురి ఊపిరి, రెండు పూటలా కుక్కరు కూతలు, ఆ చివర నుంచి ఈ చివరకు తాడు కట్టి ఆరేసిన తడి బట్టలు. కిటికీలు మాత్రం బిడాయించి, వాటి సందుల్లో మళ్ళీ పాత చీర ముక్కలు కూరి పెట్టింది ఆశాజ్యోతి. చలిగాలి తగిలితే పాపకు జలుబు చేస్తుందని.

ఒక్కసారి చెప్పాడు. మే నెలలో. "కిటికీ కాస్త తీసుంచితే మంచిదేమో అల్లుడుగారూ" అన్నాడు. "అయ్యో మామయ్యగారూ, బయట మూడు డిగ్రీలండీ. ఇది రావులపాలెం కాదు కదా!" అని సాయినాథ్ నవ్వాడు. నవ్వులో తప్పేమీ లేదు. కాని ఆ నవ్వు దగ్గరే ఈశ్వరరావు నోటికి తాళం పడింది. అల్లుడి ఇంట్లో ఉండి అల్లుడికి చెప్పేవాడెవడు? కాళ్ళు కడిగి పిల్లనిచ్చినవాడు, ఆ ఇంట్లో కూర్చుని పెత్తనం చెయ్యకూడదు. అదీ గాక, చెప్పుకుంటే సిగ్గు, లోపలెక్కడో ఒక చిన్న పంతం కూడా ఉంది. చూద్దాం, ఫోనులో ఆ యూట్యూబ్ ఆయన ఏం చెబుతాడో.

ఆ పంతం జూన్ దాకానే. తర్వాత దాని చోట భయం చేరింది.

వెనక మంచం మీద తాతా మనవరాలూ పడుకుంటారు. గోడ పక్క చలి పాపకు తగలకూడదని ఆ వైపు తనే పడుకుంటాడు. జూన్‌లో ఒక ఉదయం లేచి చూస్తే గోడ కింది అంచున నల్లటి చుక్కలు. రుద్దితే చేతికంటాయి. బూజు. చేతులు కడుక్కొచ్చి చెబుదామని బస్సు దిగాడు. తిరిగి ఎక్కబోతూ మెట్టు దగ్గర ఉండగానే లోపల కూతురి గొంతు వినిపించింది.

"ఇది మనవల్ల కాదు సాయీ. వెల్లింగ్టన్ పక్కన లోవర్ హట్‌లో మీ ఆఫీసు వాళ్ళు చిన్న ఫ్లాటిస్తామన్నారుగా, పోదాం. నాన్నని రావులపాలెం పంపించేద్దాం. బాబాయి వాళ్ళు చూసుకుంటారు."

సాయినాథ్ ఏమన్నాడో వినలేదు. తిరిగి తోటలోకి నడిచి వెళ్ళిపోయాడు. బస్సు పాడైందని తెలిసిందా, ఫ్లాటుకు మారతారు. ఫ్లాటుకు మారితే తనకు చోటు లేదు. మర్నాటి నుంచి ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచి, తువ్వాలు తడిపి, గోడ తుడిచేయడం మొదలుపెట్టాడు. తుడిచిన తువ్వాలు పరుపు కింద దాచేవాడు. అలా అయిదు వారాలు.

ఆ శుక్రవారం పాపకు దగ్గు ఎక్కువైంది. మూడు వారాలుగా ఉన్న దగ్గే. ఈసారి దోసె ముక్క కూడా మింగనివ్వకుండా వచ్చింది.

"మనూ, ఇటు చూడు. ఛాతీలో నొప్పిగా ఉందా?"

"ఐ యామ్ ఫైన్, అమ్మా. జస్ట్ టికిల్స్."

"నీ టికిల్స్ మండ! పద, డాక్టరు దగ్గరికి."

తను పనిచేసే కివీపండ్ల ప్యాకింగ్ ఆఫీసుకు సెలవు పెట్టి పిల్లను తీసుకెళ్ళింది. సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చింది. చేతిలో పీల్చే మందు డబ్బా. మొహం మాడిపోయి ఉంది.

"ఏమన్నారు?" అన్నాడు సాయినాథ్. అప్పుడే పని నుంచి వచ్చాడు.

"ఊపిరితిత్తుల్లో ఈల వస్తోందట. ఇల్లు పొడిగా ఉంటుందా అని అడిగింది డాక్టరమ్మ. చుక్క నీళ్ళు లోపలికి రావు, రోజూ ఆవిరి కూడా పట్టిస్తున్నాను అన్నాను. ఆవిడ నా మొహం వింతగా చూసింది. వీళ్ళకేం తెలుసు మన వైద్యం! నాన్నా, కాస్త జరుగు. గిన్నె పెట్టాలి."

మూడు వారాలుగా రోజూ సాయంత్రం ఇదే తంతు. పెద్ద గిన్నెలో నీళ్ళు మరిగించడం, పసుపు, నీలగిరి తైలం వెయ్యడం, పిల్లకు దుప్పటి ముసుగు వేసి ఆవిరి పట్టడం. బస్సంతా పొగమంచు పట్టినట్టయ్యేది. ఆవిరి పైకప్పుకు తగిలి, నీరై, గోడ వెంట జారి వెనక మంచం కిందికి చేరేది.

నీళ్ళు తెర్లుతున్నాయి. ఈశ్వరరావు పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మనస్విని దుప్పటి కింద తల దూర్చి దగ్గింది. ఆ దగ్గులో ఈల అతనికీ వినిపించింది. చెయ్యి చాచి పొయ్యి ఆపేశాడు.

"అదేంటి నాన్నా?"

"వద్దు."

"ఏం వద్దు?"

"ఆవిరి వద్దు."

"ఎందుకు వద్దో చెప్పు మరి! ఆపేసి నిలబడితే నాకెలా తెలుస్తుంది? సాయీ, చూశావా ఈయన్ని? ఏడాదికో మాట మాట్లాడతాడు, అది కూడా సగమే!" విసురుగా పొయ్యి మళ్ళీ వెలిగించి, పిల్లకు ఇంకో దుప్పటి తీద్దామని వెనక మంచం దగ్గరికి వెళ్ళింది. అరుదుగా తీసే అదనపు దుప్పట్లు పరుపు కింది అరలో ఉంటాయి. పరుపు ఎత్తింది.

అలాగే ఉండిపోయింది.

పరుపు అడుగంతా నల్లగా ఉంది. మసి పూసినట్టు. చెక్క మీద తడి మెరుస్తోంది. మధ్యలో ముద్దగా చుట్టిన తువ్వాలు. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తింది. తండ్రి తువ్వాలే. అంచున ఎర్ర గళ్ళు మిగిలాయి, తక్కినదంతా నలుపు.

"ఇదేంటి?"

ఈశ్వరరావు ఆ తువ్వాలు అందుకోబోయాడు.

"నాన్నా, నిన్నే. ఇదేంటి?"

"గోడ తుడిచాను."

"ఎప్పట్నుంచి?"

"అయిదు వారాలు."

సాయినాథ్ వచ్చి పరుపు ఇంకాస్త ఎత్తి చూశాడు. "మామయ్యగారూ, తెలిసి కూడా చెప్పలేదాండీ?"

"చెప్పలేదే!" ఆశాజ్యోతి గొంతు బస్సు రేకు అదిరేలా లేచింది. "పిల్ల దీని మీద పడుకుంది నాన్నా! రోజూ దీన్నే పీల్చింది! నువ్వు పక్కనే పడుకుని, పొద్దున్నే లేచి, మాకు కనబడకుండా తుడుచుకుంటూ కూర్చున్నావా? నేనేమో వెర్రిదానిలా రోజూ ఆవిరి పట్టి ఇంకా తడుపుతున్నాను. అమ్మకు కాళ్ళు వాచినప్పుడూ ఇంతే! ఆవిడ దాచమంది, నువ్వు దాచావు. ఆస్పత్రిలో వేశాక గానీ నాకు ఫోన్ రాలేదు. నోరెందుకిచ్చాడు దేవుడు నీకు, ఆయ్ అనడానికా?"

ఆ చివరి మాట తగలవలసిన చోట తగిలింది. ఈశ్వరరావు మంచం చెక్క మీద, ఆ తడి మీదే కూర్చున్నాడు.

"చెబితే పంపేస్తారనుకున్నాను," అన్నాడు.

"ఎక్కడికి?"

"రావులపాలెం. మెట్టు దగ్గర విన్నాను. లోవర్ హట్ పోదాం, నాన్నని పంపేద్దాం అన్నావు. బస్సు బాగోలేదని తెలిస్తే ఆ రోజే పోతారు. పిల్ల దగ్గు మామూలు జలుబే అనుకున్నాను. అనుకోవడం కాదు. అదే అయితే బాగుండును అని నమ్మించుకున్నాను." అంత పొడుగు మాట అతను మంగాదేవి పోయిన రోజు కూడా మాట్లాడలేదు. "దీని వీపు నా పక్కకు ఆనించి పడుకుంటుందమ్మా. అది పోతుందని భయమేసింది. ఆ భయంతో దానికే ఎసరు పెట్టాను."

ఆశాజ్యోతి చేతిలోని తువ్వాలు కింద పడింది. ఆమె కోపం ఒక్కసారిగా పోలేదు. కాని అది నిలబడడానికి చోటు లేక తడబడింది.

"అన్నాను," అంది చివరికి. "నీ దగ్గర అబద్ధమెందుకు? అన్నాను. ఎందుకన్నానో తెలుసా? నువ్వు ఇక్కడ సుఖంగా లేవనుకున్నాను. కూర బాగుందా అంటే ఆయ్. చలేస్తోందా అంటే ఆయ్. పొద్దస్తమానం ఆ తీగల వైపు చూస్తూ కూర్చుంటావు. బలవంతంగా తీసుకొచ్చి కట్టేశాను, ఊరి మీద బెంగ పెట్టుకున్నాడు, నా కోసం పైకి చెప్పడం లేదు అనుకున్నాను. మర్నాడు బాబాయికి ఫోన్ చెయ్యబోయి, ఏడుపొచ్చి పెట్టేశాను. నిన్ను వదిలించుకోవాలని కాదు నాన్నా. నీ మనసేంటో చెప్పవు. నేనెలా తెలుసుకోను?"

ఈశ్వరరావు కళ్ళు తుడుచుకుందామని భుజం తడుముకున్నాడు. అక్కడ తువ్వాలు లేదు. చేత్తోనే తుడుచుకున్నాడు.

"నాకిక్కడ బాగానే ఉందమ్మా," అన్నాడు. "దోసె ఒక్కటే వంకర."

సాయినాథ్‌కు నవ్వాలో వద్దో తెలియలేదు. "ఆ వంకరెందుకో తెలుసా మామయ్యగారూ మీకు?"

"చక్రం కింద చెక్క లేదు."

"అది కూడా తెలుసా!" అని ఆశాజ్యోతి రెండు చేతులతో నెత్తి పట్టుకుంది. "మూడు నెలలు! మూడు నెలలు ఆ వంకర దోసెలు తిన్నావు గాని చెప్పలేదు! ఇంకేం తెలుసు నీకు? ఇప్పుడే చెప్పెయ్, అన్నీ కక్కెయ్!"

"బియ్యం కడిగిన నీళ్ళు, గంజి ఆ సింకులో పొయ్యకూడదు. కింద ట్యాంకులో పులుస్తాయి. ఆ కంపు అదే."

"ఇంకా?"

"కుక్కరు బయట పెట్టుకోవాలి. బట్టలూ బయటే. కిటికీ రాత్రీ పగలూ రెండు వేళ్ళ సందు తీసుండాలి. ఎదురుగా ఉన్నది కూడా."

"పాపకు చలి?"

"చలికి దుప్పటుంది. చెమ్మకు దుప్పటి లేదు."

దుప్పటి ముసుగులోంచి మనస్విని తల బయటపెట్టి అందరి మొహాలూ చూసింది. "తాత టాకింగ్," అంది ఆశ్చర్యంగా. ఆశాజ్యోతి ఏడుస్తూ నవ్వింది. వెళ్ళి పొయ్యి ఆపేసి, మరిగిన నీళ్ళు తీసుకెళ్ళి బయట పారబోసింది. ఆ పూట పిల్లను ముందు మంచం మీద, తల్లి పక్కన పడుకోబెట్టారు. మామా అల్లుడూ సీట్ల మీద ముడుచుకున్నారు.

మర్నాడు శనివారం. తెల్లగా మంచు కప్పిన గడ్డి మీద అప్పుడప్పుడే ఎండ పడుతోంది. ఈశ్వరరావు అందరికన్నా ముందే లేచాడు. అలవాటు ప్రకారం భుజం తడుముకుని ఆగాడు. తర్వాత సీటు మీద నిద్రపోతున్న అల్లుడి భుజం పట్టి కుదిపాడు.

"సాయీ. లే."

సాయినాథ్ ఉలిక్కిపడి లేచాడు. పెళ్ళయిన పదేళ్ళలో మామగారు అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. "ఏంటండీ?"

"వెనక పరుపు బయట పడెయ్యాలి. అటు పట్టుకో."

ఇద్దరూ పరుపు మోసుకెళ్ళి తోట కంచె మీద వేశారు. అది ఇక పనికిరాదు, కొత్తది కొనాలని తేల్చారు. తిరిగి వచ్చాక ఈశ్వరరావు దొడ్డి డబ్బాను తనే బయటికి లాగాడు. అప్పటికే నిండి ఉంది.

"అయ్యయ్యో, మీరొద్దు మామయ్యగారూ! అది మీరు ముట్టుకోవడమేంటి?"

"నీ కాళ్ళు కడిగిన చేతులివి. దీనికి వచ్చిందా నామోషీ?" అన్నాడు ఈశ్వరరావు. "ఒక పిడి నువ్వు పట్టు. ఒంటిచేత్తో మోసి నడుం విరగ్గొట్టుకుంటున్నావు."

"అలాగే మామయ్యా," అన్నాడు సాయినాథ్. గారు ఎక్కడో రాలిపోయింది.

డబ్బా చెరో పక్కా పట్టుకుని మంచు మీద అడుగుల జాడలు వేసుకుంటూ వెళ్ళి పారబోసి వచ్చారు. దారిలో బిజేంద్ర పనికిరాని చెక్కలు నాలుగిచ్చాడు. రెండు చక్రం కిందికి, రెండు మంచం కింద గాలాడడానికి. ఈశ్వరరావు జాక్ పెట్టి బస్సును ఎత్తుతుంటే, ఎక్కడ ఆపాలో తెలియడానికి సాయినాథ్ లోపల పళ్ళెంలో నీళ్ళు పోసి చూసి చెప్పాడు.

ఆ తర్వాత ఈశ్వరరావు లోపలికొచ్చి, నల్లబడ్డ తువ్వాలును కింద నుంచి తీశాడు. ఉతకలేదు. దాచలేదు. బస్సు ముందున్న, వెనక చూసుకునే పక్క అద్దానికి, తోటలో ఎవరు నడిచినా కనబడేట్టు కట్టాడు. కిటికీ సందుల్లో కుక్కిన చీర ముక్కలు ఒక్కొక్కటే పీకేశాడు. అద్దం రెండు వేళ్ళ మందం జరిపాడు. చల్లటి గాలి ఈలలా లోపలికొచ్చింది.

ముందు మంచం మీద మనస్విని ముడుచుకుంది. "తాతా, ఇట్స్ కోల్డ్!"

"దుప్పటి కప్పుకోవే," అని, ఎదురు కిటికీ కూడా తెరిచాడు.